వరసగా ఏడు బొరుసులు

స్టాఫ్‌రూము, కిటికీ పక్క కుర్చీ
వానలు మొదలైన వారం

వదినా,

ముందుగా అన్నయ్యకి ఒక మాట. అన్నయ్యా, ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు వదిన ఎక్కడైనా సొంత కవిత్వం కలిపితే ఎడమచేత్తో బల్ల మీద కొట్టు. ఇన్నేళ్ళు మైదానంలో ఈల ఊదినవాడివి, నీకు చెప్పాలా, అది ఫౌల్.

ఇక నీకు. ఫోను చేయొద్దని నువ్వు చెప్పినప్పుడు కొంచెం నొచ్చుకున్న మాట నిజం. కానీ నా గొంతు వినగానే అన్నయ్య జవాబివ్వాలని పెదవులు కదిలించడం, మాట రాక కళ్ళనీళ్ళు పెట్టుకోవడం, నువ్వు ఫోను లాక్కోవడం, అవన్నీ నువ్వు చెప్పినవి గుర్తొచ్చి ఊరుకున్నాను. ఉత్తరమైతే వినేవాళ్ళు బదులు పలకనక్కర్లేదు. వింటే సరిపోతుంది.

ఇరవై ఏళ్ళు బీమా కంపెనీలో కూర్చుని, ఏ వయసువాళ్ళు ఎంతమంది పోతారో పట్టికలు వేసిన దాన్ని, ఆ కంపెనీయే ఎప్పుడు పోతుందో కనిపెట్టలేకపోయాను. నలభై ఆరేళ్ళకి ఎనిమిదో తరగతి లెక్కల టీచర్నయ్యాను. ఈ ఏడాదంతా నన్ను ఉంచుకోవాలో వద్దో స్కూలువాళ్ళు తేల్చుకునే కాలం. సెలవులు ఎక్కువ పెడితే దండం పెట్టి పంపించేస్తారు. అందుకే పక్షవాతం వచ్చిన అన్నయ్యను ఆసుపత్రిలో నాలుగు రోజులు మాత్రం చూసి, రైలెక్కి వచ్చేశాను. అలా వచ్చేయడం సరైన పనేనా అని ఇప్పటికీ బోర్డు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోతుంటాను. పిల్లలు నా వెనక నవ్వుకుంటారు.

త్వరలో సంభావ్యత పాఠం మొదలుపెట్టాలి. అంటే ఏదైనా జరిగే అవకాశం ఎంతో లెక్కగట్టడం. నాకు అన్నం పెట్టిన విద్యే ఇది, అయినా పదమూడేళ్ళ పిల్లలకి చెప్పాలని రాత్రిళ్ళు అద్దం ముందు పాఠం వల్లె వేస్తున్నాను. ఊరికే ముందుమాటగా, "వాన పడే అవకాశం సగం అని రేడియోలో చెప్పారనుకోండి" అన్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి ఉంది, ఏది చెప్పినా వాదనకి లేస్తుంది, అందరూ లాయరమ్మ అంటారు. లేచింది.

"అయితే సగం గొడుగు తెచ్చుకోవాలా టీచర్?"

క్లాసంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గొడుగు మడుస్తూ మళ్ళీ దాని ప్రశ్న దగ్గరికే వచ్చాను. వాన పడితే పూర్తిగా పడుతుంది, లేదంటే లేదు. మరి ఆ సగం ఎక్కడుంది?

అన్నయ్య ఈ వారం ఏమైనా అన్నాడా? ఒక్క మాటైనా సరే, రాయి. నేను వెతుక్కునేది అదొక్కటే.

నీ ఆడపడుచు

*

లాండ్రీ, ఇస్త్రీ బల్ల దగ్గర
ఒక్క చొక్కా ఆరని రోజు

టీచరమ్మకి,

నీ ఉత్తరం చదువుతుంటే మీ అన్నయ్య రెండుసార్లు బల్ల కొట్టారు. రెండుసార్లూ నేను కలిపిన కవిత్వమే. మనిషికి మాట పోయింది గానీ ఈల పోలేదమ్మాయ్.

ఇక్కడ వాన ఎడతెరిపి లేదు. వెనక గదిలో తాళ్ళన్నీ నిండిపోయి, ఆ మూల నుంచి ఈ మూలకి రావాలంటే ఎవరి ప్యాంట్ల మధ్య నుంచో దూరి రావాలి. ఎదురింటి దర్జీ వచ్చి "మీ షాపులో కంటే చెరువులో బట్టలు త్వరగా ఆరతాయి" అని వెళ్ళాడు. వాడి నోటికి ఇస్త్రీ పెట్టాలి.

మీ అన్నయ్య మడతల బల్ల పక్కనే కుర్చీలో కూర్చుంటారు. దుప్పట్లు మడతపెట్టడం ఇద్దరి పని కదా. ఇప్పుడు ఒక కొస ఆయన ఎడమచేత్తో పట్టుకుంటారు, రెండో కొస మోకాళ్ళ మధ్య ఇరికిస్తారు. నేను అవతలి నుంచి నడిచి వచ్చి కలుపుతాను. అంచుకి అంచు కలవకపోతే ఒప్పుకోరు, విదిలించేస్తారు. మళ్ళీ మొదటి నుంచీ.

మాటల సంగతి అడిగావు. నిన్న పొద్దున "నీళ్ళు" అన్నారు. స్పష్టంగా. ఇవాళ మళ్ళీ మౌనం. నేను రాస్తూ పైకి చదువుకుంటాను కదా, ఈ నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి కిటికీ వైపు తిరిగిపోయారు. సిగ్గేమో.

నీకు తెలిసిన విద్య కాబట్టి అడుగుతున్నాను. పెద్ద డాక్టరు దగ్గరికి వెళితే, "ఇలాంటి కేసుల్లో ముగ్గురిలో ఒకరికి మాట మళ్ళీ వస్తుందమ్మా" అన్నాడు. అప్పటినుంచీ నాకు నిద్ర లేదు. ఆ ముగ్గురిలో మిగతా ఇద్దరూ ఎవరు? ఆసుపత్రిలో ఎదురు మంచం మీద టిక్కెట్లు కొట్టే కండక్టరు ఉండేవాడు, కిటికీ పక్కన ముసలి పోస్టుమాస్టరు. వాళ్ళిద్దరికీ రాకపోతేనే మీ అన్నయ్యకి వస్తుందా? అయితే నేను ఎవరి మాట పోవాలని కోరుకోవాలి?

వదిన

*

క్లాసు గది, పిల్లలు ఆటలకి వెళ్ళాక

వదినా,

నీ ప్రశ్న తీసుకుని రెండు రోజులు తిరిగాను.

ఎవరి మాటా పోవాలని కోరుకోనక్కర్లేదు. ముందు ఆ బరువు దించుకో. ఆ ముగ్గురూ మీ వార్డులోవాళ్ళు కాదు. ఆ డాక్టరూ, ఆయనలాంటివాళ్ళూ ఎన్నో ఏళ్ళుగా చూసిన వందలమందిని ఒక కుప్పగా పోస్తే మూడోవంతు మందికి మాట వచ్చింది, అంతే. మీ వార్డులో ముగ్గురికీ రావచ్చు. ముగ్గురికీ రాకపోనూ వచ్చు. ఒకరిది ఇంకొకరు లాక్కునేది కాదు.

అన్నయ్య వచ్చేవాళ్ళలో ఉన్నాడా అంటావు. అది నా పట్టికలో లేదు వదినా. ఇరవై ఏళ్ళూ నేను చేసింది కుప్పల లెక్కే. వందమంది గురించి అడిగితే బల్లగుద్ది చెప్పేదాన్ని. ఒక్కడి గురించి ఎవరైనా అడిగితే కళ్ళద్దాలు తుడుచుకునేదాన్ని. ఇప్పుడూ అదే చేస్తున్నాను.

సరే, క్లాసు సంగతి విను. గోడకి ఆ చివర నుంచి ఈ చివరకి తాడు కట్టాం. ఒక కొస "జరగదు", ఇంకో కొస "జరిగి తీరుతుంది". పిల్లలు కార్డుల మీద ఏదో ఒకటి రాసి, అది జరిగే అవకాశం ఎంతో అక్కడ క్లిప్పుతో తగిలించాలి. నీ లాండ్రీ గుర్తొచ్చింది. "రేపు సూర్యుడు ఉదయించడం" ఆ కొసన. "హెడ్‌మాస్టరుగారు నవ్వడం" ఈ కొసన, ఇక తాడు లేనంత చివర. సరిగ్గా అప్పుడే హెడ్‌మాస్టరుగారు లోపలికి వచ్చారు. కార్డు చూశారు. ఆయన మీసం కదిలింది, ఆపుకోలేక నవ్వేశారు. లాయరమ్మ లేచి, ఏమీ ఎరగనట్టు ఆ కార్డు తీసి మధ్యకి జరిపింది.

"కొత్త సాక్ష్యం వచ్చింది టీచర్."

ఆ రోజుకి నేను చెప్పదలుచుకున్న పాఠమంతా అదే. అంత బాగా నేను చెప్పలేకపోయేదాన్ని.

ఇంకో పిల్ల ఉంది, అసలు మాట్లాడదు. తన కార్డు మీద ఏం రాసిందో చూపించలేదు. తిప్పి, సరిగ్గా తాడు మధ్యలో తగిలించి వెళ్ళిపోయింది. నేనూ తిప్పి చూడలేదు. నాకూ అలాంటి కార్డొకటి ఉంది.

వచ్చే వారం నాణెం ఎగరేయించాలి. అన్నయ్యా, నీ టాస్ నాణెం ఎక్కడుంది? బొమ్మ అరిగిపోయి ముఖమే లేకుండా ఉండేది. నీ అంపైరింగు మీద నాకున్న గౌరవమంతా ఆ రోజు నుంచే. కొత్త పెళ్ళికొడుకువి, బావమరిదికే రెడ్‌కార్డు ఇచ్చి, ఆ సాయంత్రం అదే అత్తారింట్లో భోజనానికి కూర్చున్నావు.

నీ ఆడపడుచు

*

లాండ్రీ, కౌంటరు వెనక

టీచరమ్మకి,

అంపైరు కాదుట, రిఫరీయట. ఆ మాట దగ్గర బల్ల విరిగిపోయేలా కొట్టారు. అంపైరు క్రికెట్‌కి, రిఫరీ ఫుట్‌బాల్‌కి అని ఇన్నేళ్ళ కాపురంలో నేనే నేర్చుకున్నాను, తోడబుట్టినదానివి, నీకు తెలియదా?

నాణెం ఇక్కడే ఉంది, ఈల సంచీలో. మా తమ్ముడు ఇప్పటికీ ఆ రెడ్‌కార్డు సంగతి ఎత్తుతాడు. "కార్డు ఇచ్చినందుకు కాదక్కా, కూర రెండోసారి వడ్డించుకుంటూ కూడా బావ మొహంలో మార్పు లేదు చూడు" అంటాడు.

పని తొందరలో ఉన్నాను, మాటల సంగతి మాత్రం రాస్తాను. శనివారం "తలుపు" అన్నారు. ఆదివారం లేదు. సోమవారం "టీ". మంగళవారం లేదు. బుధవారం పొద్దున లేదు, సాయంత్రం "చాలు" అన్నారు. గురువారం లేదు. ఇవాళ నీ ఉత్తరం చదువుతుంటే "చెల్లి" అన్నారు.

బాగానే ఉందమ్మాయ్. ఒకరోజు ఎండ, ఒకరోజు నీడ. నువ్వు ఇక్కడి గురించి దిగులుపడకుండా ఆ ఉద్యోగం నిలబెట్టుకో.

క్లిప్పులు ఒక డజను పంపుతున్నాను. చెక్కవి, పట్టు వదలవు.

వదిన

*

స్టాఫ్‌రూము

వదినా,

క్లిప్పులు అందాయి. పిల్లలు వాటికోసం కొట్టుకుంటున్నారు.

అన్నయ్యా, ఇది నీకు నచ్చుతుంది, ఎందుకంటే ఇది దొంగను పట్టుకున్న కథ. ప్రతివాళ్ళూ ఇంటి దగ్గర నాణెం యాభైసార్లు ఎగరేసి, బొమ్మ పడితే "బొ" అనీ బొరుసు పడితే "రు" అనీ వరసగా రాసుకురమ్మన్నాను. కాగితాలు తెచ్చారు. లాయరమ్మ కాగితం చూడగానే అడిగాను.

"ఏమ్మా, ఇంట్లో నాణెం దొరకలేదా?"

దాని మొహం చూడాలి. "ఎలా తెలిసింది టీచర్? ఎంత జాగ్రత్తగా రాశానో! బొమ్మలూ బొరుసులూ సరిసమానంగా వచ్చేట్టు, కలగాపులగంగా..."

"అందుకే దొరికిపోయావు."

నిజంగా ఎగరేసిన పిల్లల కాగితాల్లో వరసగా నాలుగు బొమ్మలు, ఐదు బొరుసులు, ఒకడిదాంట్లో ఆరు కూడా ఉన్నాయి. లాయరమ్మ కాగితంలో ఎక్కడా మూడు ఒకేలా లేవు. మనిషి కల్పించి రాసేటప్పుడు ఒకే వైపు మూడుసార్లు పడనివ్వడానికి చెయ్యి ఒప్పుకోదు. రెండు బొరుసులు రాయగానే "పాపం, ఇక బొమ్మ వంతు" అనిపిస్తుంది. నాణేనికి వంతులు తెలియవు. దానికి కిందటిసారి ఏం పడిందో గుర్తుండదు. వంతులు మనవి.

లాయరమ్మ కాగితం మడిచి, "అంటే టీచర్, నిజం కొంచెం అడ్డదిడ్డంగా ఉంటుందన్నమాట" అంది. శిక్షగా మళ్ళీ యాభైసార్లు ఎగరేయమన్నాను. ఈసారి నాణెంతో.

నీ ఆడపడుచు

(వదినా, రెండో కాగితం పైకి చదవకు. కౌంటరు దగ్గరికి వెళ్ళి చదువుకో.)

వదినా,

ఆ కాగితాలు దిద్దుతున్న సాయంత్రం, నీ ఉత్తరం అదే బల్ల మీద ఉంది. తలుపు, లేదు. టీ, లేదు. చాలు, లేదు. చెల్లి. అంతకు ముందు ఉత్తరాలు కూడా తీసి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఎక్కడా వరసగా రెండు రోజులు మౌనం లేదు, వరసగా రెండు రోజులు మాటా లేదు.

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది, నీకు తెలుసు. బహుశా నేను పొరబడుతున్నాను. జబ్బు నాణెం కాదు, దానికి దాని పద్ధతేదో ఉండొచ్చు. పొరబడితే తిట్టు, నీ తిట్లు తిని చాలా రోజులైంది. కానీ పొరబడకపోతే ఒక్కమాట చెప్పు. అన్నయ్య నిజంగా "చెల్లి" అన్నాడా?

*

లాండ్రీ

నీ రెండో కాగితం చదివాక రెండు వారాలు నీకు రాయకూడదనుకున్నాను. రాయలేదు కూడా.

ఎంత చదువుకున్నా ఇంటి మనిషి ఉత్తరాన్ని పరీక్ష పేపరులా దిద్దుతారా? ఎర్ర సిరా ఒక్కటే తక్కువ. ఇక్కడ నేను దుప్పట్లు ఉతికి, ఆరేసి, ఆయనకి స్నానం చేయించి, గెడ్డం గీసి, మళ్ళీ దుప్పట్లు ఉతికి, అప్పుడు కూర్చుని నీకు రాస్తే, నువ్వు అక్కడ రోజుల్ని వరసబెట్టి లెక్కపెడతావా? ఇది మొన్న రాయాల్సింది. మొన్న రాసి ఉంటే ఇంకా బాగా తిట్టేదాన్ని. ఇప్పుడు ఓపిక అయిపోయింది.

అనలేదు.

చెల్లి అనలేదు, టీ అనలేదు, నీళ్ళు అనలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్క మాట లేదమ్మాయ్. ఇన్ని నెలల్లో ఒక్కటి కూడా.

మొదటిసారి "నీళ్ళు" అని ఎందుకు రాశానో నాకే తెలియదు. నువ్వు ఒక్క మాటైనా సరే అన్నావు. ఒక్కటే కదా, ఇద్దాం అనిపించింది. తర్వాత ప్రతి ఉత్తరానికీ ఒకటి కావలసి వచ్చింది. రోజూ మాట్లాడారని రాయడానికి భయం, మరీ అబద్ధంలా ఉంటుందని. అసలు మాట్లాడలేదని రాస్తే నువ్వు ఆ ఉద్యోగం వదిలేసి మర్నాడే రైలెక్కుతావు. నీ సంగతి నాకు తెలీదూ? మీ ఇంట్లో ఇద్దరిలో ఒకరైనా తమ పని తాము చేసుకుంటూ ఉండాలి. అందుకని ఒకటి ఇటు, ఒకటి అటు. అదే దొంగతనమని నాకేం తెలుసు.

ఆయనకి మాత్రం తెలుసు. నేను పైకి చదువుతూ రాస్తాను కదా. "నీళ్ళు అన్నారు" దగ్గర మొహం తిప్పుకున్నారని రాశాను, అది ఒక్కటీ నిజం. "చెల్లి అన్నారు" అని రాస్తుంటే ఎడమచేత్తో నా పెన్ను పట్టుకుని ఆపారు. నేను విడిపించుకుని రాశాను. ఆ మధ్యాహ్నమంతా దుప్పటి కొస పట్టుకోలేదు.

ఒకటి చెప్పు. ఇన్ని రోజులు వరసగా లేదు, లేదు, లేదు అయ్యాక, ఇక అవును వంతు రాదా? నీ నాణేనికి వంతులు లేవన్నావు. ఈయనకి కూడా లేవా?

*

క్లాసు గది, అందరూ వెళ్ళిపోయాక

వదినా,

చివరి బెంచీలో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం చేతికి వచ్చినప్పుడు క్లాసులో ఉన్నాను. జేబులో పెట్టుకుని భిన్నాలు చెప్పాను. ఒక్క భిన్నం కూడా సరిగా చెప్పి ఉండను.

ముందు నీ ప్రశ్న. నిన్ను ఓదార్చాలని వంతు వస్తుందని రాయబోయాను, రెండుసార్లు. మనిద్దరి మధ్యా ఇక ఆ రకం ఉత్తరం వద్దు. వంతు లేదు వదినా. ఇన్ని రోజుల మౌనం రేపటికి ఏమీ బాకీ పడలేదు. కానీ అదే మాటని అటు తిప్పి చూడు. ఇన్ని రోజుల మౌనం రేపటి చేతులు కట్టెయ్యనూ లేదు. పిల్లలకి ఈ రెండో సగం చెప్పడం మరిచిపోతుంటాను. నాణెం విషయంలో ఇంతవరకూ ఒట్టేసి చెప్పగలను. అన్నయ్య నాణెం కాదు, తన లోపల ఏం గుర్తుందో, ఏం కూడుతుందో నాకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు. తెలియదు అనే మాట మీద నమ్మకంగా నిలబడటం నేనింకా నేర్చుకుంటున్నాను.

ఉద్యోగం వదలను. మాటిస్తున్నాను. దసరాలా పెద్ద సెలవులేమీ ఇప్పట్లో లేవు గానీ పరీక్షలయ్యాక వారం ఖాళీ ఉంది, అప్పుడు వస్తాను. దుప్పటికి మూడో కొస పట్టుకుంటాను. అంతవరకూ నాకు నిజమే రాయి. అన్నీ "లేదు"లే అయితే ఆ "లేదు"లే రాయి, ఒకదాని కింద ఒకటి. ఆ వరసంతా నువ్వొక్కదానివే చదువుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక ఒక పని. నా పిల్లలకి బయటివాళ్ళ కాగితం ఒకటి కావాలి. ఒకరి కాగితాలు ఒకరు ఇప్పటికే చూసేశారు. కొత్త కాగితం చూసి, ఇది ఎగరేసి రాసిందా, ఊహించి రాసిందా వాళ్ళు తేల్చాలి. అన్నయ్య నాణెం తీసి, నువ్వు వందసార్లు ఎగరెయ్యి. అన్నయ్య పక్కన కూర్చోవాలి. రిఫరీ లేకుండా టాస్ చెల్లదు. నీ మీద నమ్మకం లేక కాదు.

అంటే, కొంచెం లేకే.

నీ ఆడపడుచు

*

లాండ్రీ, మడతల బల్ల
ఎండ వచ్చిన ఆదివారం

అమ్మాయ్,

మెల్లగా చదువు. నేను మెల్లగానే రాస్తున్నాను.

షాపు మూసి, మడతల బల్ల మీద దుప్పటి పరిచి, నాణెం తీశాను. ఆయన పక్కనే కుర్చీలో. ఈల కూడా మెళ్ళో వేశాను, వేళాకోళానికి. పైకి చెబుతూ ఎగరేశాను, రాశాను. బొమ్మ, బొరుసు, బొరుసు, బొమ్మ, అలా. ఆయన నాణెం పైకి లేచినప్పుడల్లా కళ్ళతో వెంబడిస్తున్నారు. మైదానంలో ఎలా చూసేవారో అలా. పడ్డాక నేను వంగేలోపే ఆయనకి తెలిసిపోతోంది, కళ్ళల్లో కనిపిస్తోంది.

సగం దాటాక బొరుసులు పట్టుకున్నాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగు. ఐదు. నువ్వు రాసిందంతా తెలుసు నాకు, వరసలు వస్తాయని. అయినా ఐదోదాన్ని కాగితం చిరిగేలా ఒత్తి రాశాను. ఈ ఇంట్లో ఇన్ని బొరుసులు ఇక చాలు అనిపించింది. ఆరోసారి ఎగరేశాను. బొరుసే.

"బొమ్మ" అన్నాను పైకి. రాయబోయాను.

ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. వదిలించుకోబోయాను, వదల్లేదు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి, మళ్ళీ జబ్బు తిరగబెట్టిందేమో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెదవులు దగ్గరికొచ్చాయి.

"బొ" అన్నారు.

బొమ్మ అయినా బొ, బొరుసు అయినా బొ. నన్ను సమర్థిస్తున్నారో, తప్పు పడుతున్నారో తెలియదు. నీ సగం ఎక్కడుంటుందని అడిగావే, అది అక్కడుంది అమ్మాయ్, ఆ అక్షరానికీ తర్వాతిదానికీ నడుమ. నేను దాంట్లో ఊపిరి లేకుండా నిలబడ్డాను.

"...రుసు."

అంత గొంతు ఎక్కడ దాచుకున్నారో. మడతపెట్టిన దుప్పట్ల మీద పడి ఏడ్చాను. ఇస్త్రీ అంతా పోయింది, మళ్ళీ చెయ్యాలి. ఆయన ఓదార్చలేదు. నాణెం వైపు వేలు చూపించి కాగితం వైపు చూపించారు. కొట్టేసి, బొరుసు అని దిద్దేదాకా ఊరుకోలేదు. ఏడోది కూడా బొరుసే పడింది. నేను నోరు తెరిచేలోపే ఆయనే చెప్పారు.

కాగితం పంపుతున్నాను. ఆ కొట్టివేత అలాగే ఉంచాను. నీ పిల్లలకి చెప్పు, అది రిఫరీ నిర్ణయం.

వదిన

*

క్లాసు గది

వదినా, అన్నయ్యా,

కాగితం క్లాసులో చేతులు మారింది. ఏడు బొరుసుల దగ్గర అందరూ ఆగారు.

"దొంగ కాగితం టీచర్! ఎక్కడైనా ఏడు వస్తాయా?" అంది క్లాసంతా. ఇన్నాళ్ళూ నేను చెప్పిన పాఠం ఏ గాలికి పోయిందో.

లాయరమ్మ ఒక్కతే లేచింది. "నిజమైందే. దొంగతనంగా రాసేవాళ్ళకి అంత ధైర్యం ఉండదు, నాకు అనుభవం. పైగా చూడండి, ఇక్కడెవరో బొమ్మ అని రాసి కొట్టేశారు. అబద్ధం రాసేవాళ్ళు దిద్దుకోరు."

ఎవరు రాశారని అడిగారు. చెప్పాను. ఎవరు దిద్దించారో కూడా చెప్పాను. అప్పుడు ఆ మాట్లాడని పిల్ల లేచి, గోడ మీద తాడు దగ్గరికి వెళ్ళి, తన కార్డు తీసి, కొంచెం కుడివైపు జరిపింది. "జరిగి తీరుతుంది" వైపు. నీ చెక్క క్లిప్పుతోనే.

నా అనుమానం నన్ను వదలదు, కాబట్టి నువ్వు కోప్పడినా అడుగుతాను. ఆ మాట నాణేన్ని చూసి చెప్పిందేనంటావా? వేరే మాటలేమైనా వచ్చాయా? డాక్టరుకి చూపించావా? నిజమే రాయమన్నాను కదా. ఏది ఉంటే అది.

నీ ఆడపడుచు

*

లాండ్రీ, ఇస్త్రీ బల్ల

టీచరమ్మకి,

నిజమే రాస్తున్నాను. రిఫరీగారు పక్కనే ఉన్నారు, తప్పించుకోవడానికి లేదు.

సోమవారం లేదు. మంగళవారం లేదు. బుధవారం లేదు. గురువారం రెండుసార్లు. శుక్రవారం లేదు. శనివారం పొద్దున్నుంచి ఒకటే గోల. వేరే మాట ఏదీ రాలేదు. ఉన్నది ఒక్కటే. డాక్టరు చూశాడు. ఒక్కోసారి మొదట దొరికిన మాటే అన్నిటికీ వాడతారట, దానితో ఆగిపోవచ్చు, దాన్ని పట్టుకుని ఇంకోటి రావచ్చు, చెప్పలేం అన్నాడు. నీలాగే కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

కాబట్టి ఆ రోజు నాణేన్ని చూసి అన్నారో, నోటికి వచ్చిన ఆ ఒక్క మాటా బొరుసు పడ్డప్పుడు పడిందో, నీ లెక్క నువ్వు వేసుకో. నా మణికట్టు మీద వేళ్ళ గుర్తులు రెండు రోజులు ఉన్నాయి. నా లెక్క అది.

ఇప్పుడు నీళ్ళు కావాలన్నా బొరుసే, కిటికీ తీయమన్నా బొరుసే. దర్జీ వస్తే వాడి మొహం మీదే బొరుసు అన్నారు. అది మాత్రం సరైన మాటేనని నా అభిప్రాయం.

నన్నూ అలాగే పిలుస్తున్నారు. దుప్పటి కొస పట్టుకుని, ఆ చివర నుంచి, "బొరుసూ" అని.

పలుకుతున్నాను.

వదిన